ముందు రీలు, ఆ తర్వాతే రాడ్డు

మొన్న ఆదివారం రాత్రి మా అక్క కొడుకు ఒమన్ నుంచి ఫోన్ చేశాడు. మిర్యాలగూడ నుంచి పోయి నాలుగేళ్లయింది, సోహార్‌లో పని. సెలవు రోజుల్లో సముద్రం ఒడ్డుకు పోతుంటాడు. అక్కడ ఒకాయన ఫ్లై రాడ్డుతో క్వీన్‌ఫిష్ అనే సముద్రపు చేపను పట్టడం చూశాడట. ఫ్లై అంటే ఈకలు, వెంట్రుకలతో కట్టిన తేలికపాటి ఎర, దాన్ని లైను బరువుతోనే విసరాలి. అప్పటినుంచి మనిషికి మనసు మనసులో లేదు.

"మామా, నలభై వేలు పక్కకు పెట్టిన. నెట్ల అందరు ఒకటే చెప్తున్నరు. పైసలు రాడ్డు మీద పెట్టాలె, రీలు అంటే ఉత్త దారం చుట్టుకునే చక్రమంట. ముప్పై వేలు రాడ్డుకు పోయినా, రీలుకు ఐదారు వేలు సరిపోవా?"

"సరిపోవు అల్లుడా. ముందు రీలు కొను, మిగిలిన దాంట్ల రాడ్డు చూస్కో," అన్నాను.

అన్నానే గానీ ఎందుకో విడమరిచి చెప్పలేకపోయాను. లైను కట్ అయింది, వాడి డ్యూటీ టైమయింది. అప్పటినుంచి ఆ సగం మాట నన్ను పీకుతూనే ఉంది. వాడు చదివింది అబద్ధమేమీ కాదు. మంచినీళ్లలో చేపలు పట్టే ఎవరినడిగినా అదే చెబుతారు. ఆరేడేళ్లు నేనూ అదే నమ్మాను, నలుగురికి చెప్పాను కూడా. ఆ నమ్మకం ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పానగల్లు కట్ట మీద నేర్చుకున్నది

నల్లగొండలో ఉండేవాళ్లకు ఉదయసముద్రం చెరువు ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు. నేను ఫ్లై విసరడం నేర్చుకున్నది ఎన్‌జీ కాలేజీ గ్రౌండులో, చేపను పట్టింది మాత్రం పానగల్లు కట్ట కింద. పడేవి ఎక్కువగా జిలేబీలు. అరచేతి కంటే కాస్త పెద్దవి. అవి లాగినా ఎడమచేతి వేళ్లతో లైను పట్టుకుని మెల్లగా గుంజుకోవడమే, రీలు తిప్పే అవసరమే రాదు.

కొర్రమట్ట సంగతి వేరు. మన రాష్ట్ర చేప కదా, దాని తీరే వేరు. నాచులో, తుంగలో దాక్కుని ఉంటుంది. ఎర అందుకోగానే మళ్లీ ఆ నాచులోకే దూరుతుంది. దానికి ఒక్క జానెడు లైను ఇచ్చినా చేప పోయినట్టే. అక్కడ లైను గట్టిగా బిగబట్టి, రాడ్డు బలంతో బయటికి లాగాలి. లైను వదలకూడదు. అంటే అక్కడా రీలుకు పనిలేదు.

అందుకే నా మొదటి రీలుకున్న డ్రాగ్ గుండీని ఆరేళ్లలో నేను ముట్టుకున్నది లేదు. డ్రాగ్ అంటే చేప లాగినప్పుడు రీలు ఎంత బిగువుతో లైను వదలాలో చూసే బ్రేకు. ఉందని తెలుసు, అంతే. రాడ్డు మాత్రం మూడుసార్లు మార్చాను. మారిన ప్రతిసారీ లైను ఇంకో నాలుగు గజాలు ముందుకు పడేది. చేతికి తెలిసే తేడా అది. కంటికి కనబడే లాభం ఉన్నచోట డబ్బు పెట్టడం ఎవరికైనా సహజమే.

నిజాంపట్నం మొగ దగ్గర

మొదటిసారి ఉప్పునీటికి పోయింది ఒక జనవరిలో. వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా బాపట్ల పోయి, మరునాడు నిజాంపట్నం వైపు మడ అడవుల్లోని పాయల దగ్గరికి పోయాం. 8 నంబరు రాడ్డు (నంబరు పెరిగే కొద్దీ బరువైన లైను విసిరే రాడ్డు అన్నమాట), ఆ పాత రీలే. ఆ పొద్దు నాలుగు చిన్న పార చేపలు పడ్డాయి. అరకిలో కూడా లేనివి. అయినా జిలేబీకీ వాటికీ పోలికే లేదు. ఉప్పునీటి చేప నిలబడి పెనుగులాడదు, పరిగెత్తుతుంది. ఆ సంబరంలో ఇంటికొచ్చి రాడ్డును తడిగుడ్డతో తుడిచాను, రీలునూ పైపైన తుడిచి సంచిలో పెట్టాను.

రెండు నెలలకు మళ్లీ అదే చోటికి పోయాను. పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర, పోటు తగ్గుతున్న వేళ. ఫ్లైని రెండుసార్లు ఇలా గుంజానో లేదో, చేతిలో లైను ఆగింది. మరుక్షణం అది సముద్రం వైపు మళ్లింది. కాళ్ల దగ్గర పడి ఉన్న వదులు లైనంతా రింగుల్లోంచి సర్రున పోయింది. ఇక రీలు తిరగాలి. తిరగలేదు. అర సెకను పట్టేసినట్టు ఆగింది, టక్‌మని వదిలింది, మళ్లీ పట్టింది. ఆ రెండో పట్టుకు టిప్పెట్, అంటే ఫ్లైకి కట్టే చివరి సన్నదారం, తెగిపోయింది. అది పండుగప్పో, మాగో, పెద్ద పారో నాకు ఇప్పటికీ తెలియదు. వీపు కూడా కనబడలేదు.

ఇంటికొచ్చాక పేపరు పరిచి రీలు విప్పాను. లైను చుట్టుకునే స్పూలు ఊడి రావడానికే కష్టపడాల్సి వచ్చింది. ఇరుసు మొదట్లో, అల్యూమినియం మీది రంగుపూత గీసుకుపోయిన చోట, బియ్యప్పిండి లాంటి తెల్లటి పొడి. బేరింగ్ చుట్టూ ఇటుకరంగు తుప్పు. లోపలి డ్రాగ్ బిళ్ల జిగురేసి అతికించినట్టు ఉంది. బొటనవేలి గోరుతో నెట్టాను. టక్‌మని ఊడింది, ఆ తర్వాత హాయిగా తిరిగింది. మొగ దగ్గర విన్న టక్కు అదే. ఆ డబ్బా మీద ఉప్పునీటికి కూడా పనికొస్తుందని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, అలాంటి డబ్బాలు చాలా ఉన్నాయి.

రాడ్డు మాత్రం చెక్కుచెదరలేదు. అప్పుడు ఆలోచనలో పడ్డాను. కార్బన్ కర్రను ఉప్పు ఏమీ చేయలేదు. రాడ్డులో ఉప్పు పట్టేది మూడు చోట్లే: లైను పోయే రింగులు, వాటిని కట్టిన దారాల అంచులు, రీలు బిగించే సీటు. మూడూ కంటికి కనబడేవే. కొనేటప్పుడే చూసుకోవచ్చు. రింగులు గట్టి క్రోమ్ పూత ఉన్న స్టీలువో కావో, చేతికి దగ్గరి పెద్ద రింగులో సిరామిక్ వలయం ఉందో లేదో, సీటు చెక్కదా, పూత వేసిన అల్యూమినియందా. మధ్యరకం ధరలో దొరికే రాడ్డుల్లో కూడా ఇవి బాగానే ఉంటున్నాయి. రీలులో ఉప్పు పోయి కూర్చునేది మూత కింద, బిళ్లల మధ్య, బేరింగ్ గుండ్ల వెనక. కొన్నరోజు కనబడదు, తుడిచినప్పుడు కనబడదు. చేప పరిగెత్తిన రోజే బయటపడుతుంది.

అందుకే అల్లుడికి చెప్పేది ఒకటే. ఉప్పునీటికి సామాను ఎంచేటప్పుడు చేప ఎంత పెద్దదో తర్వాత చూడు, ముందు ఉప్పును చూడు.

సాగర్ పుట్టివాడి రెండు వేళ్లు

డ్రాగ్ అంటే ఏమిటో నాకు అర్థమయింది ఏ వీడియోలోనూ కాదు, సాగర్ వెనకనీళ్లలో. పుట్టిలో తిరిగే ఒక పెద్దాయన దగ్గర రాడ్డు లేదు, రీలు లేదు. చెక్కముక్కకు చుట్టిన నైలాన్ దారం, గాలం, అంతే. చూపుడువేలికి సైకిలు ట్యూబు ముక్క తొడుక్కున్నాడు. ఒక వాలుగ పడింది. అది లాగినప్పుడు ఆ రెండు వేళ్ల మధ్య నుంచి దారం ఆగకుండా జారింది. వేళ్లు వదలలేదు, బిగించనూ లేదు. అది నిలబడగానే మూరెడు మూరెడు తీసుకున్నాడు.

"గుంజినప్పుడు ఇయ్యాలె సారూ, నిలవడ్డప్పుడు తీస్కోవాలె. ఇచ్చేటప్పుడు చెయ్యి ఆగొద్దు, ఆగితే తెగుతది," అన్నాడు.

వేలకు వేలు పోసి కొనే రీలు చేయాల్సిన పని అదే. ఇచ్చేటప్పుడు ఆగకూడదు. డబ్బాల మీద మాత్రం ఇంకో లెక్క రాస్తారు: పది కిలోల డ్రాగ్, పన్నెండు కిలోల డ్రాగ్ అని. వాటిని చూసి నేనూ మురిసిపోయేవాణ్ని. నిజానికి అంత బిగువు ఫ్లై లైనుకు ఎప్పుడూ అవసరం రాదు. అంతర్జాతీయ రికార్డులు నమోదు చేసే ఐజీఎఫ్ఏ, ఫ్లై పద్ధతికి ఒప్పుకునే అతి లావు టిప్పెట్టే 20 పౌండ్లది, అంటే 9 కిలోలు. మనలాంటివాళ్లు 8 నంబరు రాడ్డుకు కట్టేది 16 పౌండ్లది, 7 కిలోల చిల్లర. డ్రాగ్‌ను అందులో నాలుగో వంతుకు మించి బిగించరు. అంటే రెండు కిలోల లోపే. పన్నెండు కిలోలు ఆపగల బ్రేకు ఎందుకు? ఒకటిన్నర కిలో దగ్గర జర్కు లేకుండా మొదలయ్యే బ్రేకు కావాలి.

ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు బ్యాగులు తూచుకునే చేతి కాంటా ఉంటుంది కదా, మా అల్లుడు పోయినసారి ఒకటి ఇక్కడే మరిచిపోయాడు. లైను చివర ముడి వేసి కాంటా కొక్కేనికి తగిలించి, రాడ్డు లేకుండా రీలు నుంచే నేరుగా మెల్లగా లాగాలి. లైను కదలడం మొదలైనప్పుడు ఎంత చూపిస్తుంది, కదులుతుండగా ఎంత చూపిస్తుంది, ఆ రెంటి మధ్య తేడా చూడాలి. నా పాత రీలు మొదలవడానికి మూడు కిలోలు అడిగేది, కదిలాక ఒకటికి పడిపోయేది. ఇప్పుడున్న రీలుకు ఆ తేడా కాంటాలో అంకె మారీ మారనంత.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చేప లైను తీసుకుపోయే కొద్దీ స్పూలు మీది చుట్టు సన్నబడుతుంది. బ్రేకు అదే అయినా, చుట్టు సగానికి తగ్గితే చేపకు తగిలే బిగువు రెట్టింపవుతుంది. ఒకటిన్నర కిలోలు మూడవుతాయి. దానికి తోడు నీళ్లలో ఈడ్చుకుపోతున్న లైను బరువు. ఉప్పునీటి రీళ్లలో స్పూలు మధ్య భాగం లావుగా చేసేది ఇందుకే. వంద గజాలు పోయినా చుట్టు మరీ చిన్నదవదు. పైగా చేప తిరిగి మన వైపే ఉరికినప్పుడు, పది సెంటీమీటర్ల స్పూలు ఒక్క తిప్పుకు అడుగు లైను చుట్టుకుంటుంది. చిన్న రీలుతో ఆ వదులు అందుకోవడం చేతకాదు. స్పూలులో కనీసం 200 గజాల 20 పౌండ్ల బ్యాకింగ్, అంటే ఫ్లై లైను వెనక చుట్టే సన్నదారం, పట్టాలి. బ్యాకింగ్ చవకే, పట్టే చోటే ఖరీదు.

మరి విసరకపోతే?

ఇదంతా మహబూబ్‌నగర్‌లో ఉండే నా స్నేహితుడికి చెబితే ఒప్పుకోలేదు. కోయిల్‌సాగర్ దగ్గర ఆయనతో కలిసి చాలాసార్లు విసిరాను, నాకంటే బాగా విసురుతాడు. ఆయన మాట ఇది: "సముద్రం ఒడ్డున గాలి ఆగదు. ఎదురుగాలిలో అరవై అడుగులు పడకపోతే చేప పడదు. చేపే పడకపోతే నీ రీలు ఎవరికోసం తిరుగుతది?"

బలమైన మాటే. దీనికి సమాధానం నాకు చాలా రోజులు దొరకలేదు. నిజాంపట్నంలో మొదటి రోజు ఎదురుగాలికి నా లైను నా భుజం మీదే పడింది. ఆ రోజు ఎవరైనా ఖరీదైన రాడ్డు ఇస్తే ఆనందంగా పుచ్చుకునేవాణ్ని.

కాకపోతే ఆ తర్వాత ఏమయిందో కూడా చెప్పాలి. రాడ్డు మార్చలేదు. రెండు చేతులతో లైను గుంజి విసిరే పద్ధతి, డబుల్ హాల్ అంటారు, దాన్ని ఎన్‌జీ కాలేజీ గ్రౌండులో నాలుగు నెలలు పొద్దున్నే సాధన చేశాను. వాకింగుకు వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు రోజూ ఆగి చూసేవారు. ఒకరోజు ఆయనే అన్నారు, "ఇయ్యాల మీ తాడు చప్పుడు లేకుంట పోతుంది." అదే రాడ్డుతో పదిహేను అడుగులు పెరిగింది. చేతితో సంపాదించుకోగలిగేదాన్ని డబ్బిచ్చి కొనక్కర్లేదు. రీలు లోపలి నునుపును మాత్రం ఎన్ని నెలలు సాధన చేసినా మనం తేలేం.

ఫ్లైల విషయంలోనూ నాది ఇదే లెక్క. అమెరికాకు చెందిన లెఫ్టీ క్రే పేరు ఈ పద్ధతిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆయన కట్టిన డిసీవర్ ఫ్లైకి 1991లో ఆ దేశం తపాలా బిళ్ల కూడా వేసింది. దాని తోకకు కావాల్సినవి కోడిపుంజు మెడ, వీపు ఈకలు. మన దగ్గర నాటుకోళ్లు కోసే షాపులో అడిగితే సంచి నిండా ఊరికే ఇస్తారు. జింక తోక వెంట్రుకల బదులు మేక వెంట్రుకలు వాడుతున్నాను, పార చేపలు ఇంతవరకు తేడా పట్టలేదు.

అయినా స్నేహితుడి మాటలో కొంత తీసుకున్నాను. చవకలో అతి చవక రాడ్డు వద్దు. కీళ్లు వదులుగా ఉండి విసురుతుండగా తిరిగిపోయే రాడ్డు గాలిలో నరకం. ఇక నంబరు సంగతి. కొత్తగా సముద్రానికి పోయేవాళ్లు భయంతో 10 కొంటారు. 8 నంబరు లైను మొదటి 30 అడుగులు 210 గ్రెయిన్లు తూగుతాయి, అంటే పదమూడున్నర గ్రాములు. 10 నంబరుది 280 గ్రెయిన్లు, 18 గ్రాములు. తేడా నాలుగున్నర గ్రాములు, వింటే ఏముంది అనిపిస్తుంది. దానికి తగ్గ రాడ్డు, రీలు బరువు కలుపుకుని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా విసిరితే భుజానికి తెలుస్తుంది. పైగా 8 నంబరుతో సెలవుల్లో వచ్చి సాగర్‌లోనూ పట్టుకోవచ్చు. 12 నంబరు, పెద్ద పార చేపలు, అండమాన్ ముచ్చట వేరు. అది ఇప్పుడు మనకు కాదు.

రాడ్డు కంటే ముందు లైనుకు డబ్బు ఉంచుకోవాలి. చలిదేశాల కోసం చేసిన లైను మన ఎండకు ఉడికిన సేమ్యాలా మెత్తబడి రింగులకు అతుక్కుంటుంది. ఒక మే నెలలో ఉదయసముద్రం దగ్గర నాకదే జరిగింది, తప్పు రాడ్డుదనుకుని తిట్టుకున్నాను. వేడి ప్రాంతాల కోసం గట్టి లోపలి దారంతో చేసిన లైన్లు వేరే ఉంటాయి. ఒమన్‌కైనా, నల్లగొండకైనా అవే.

కాబట్టి అల్లుడి నలభై వేలకు నా లెక్క: రీలుకు పద్దెనిమిది, రాడ్డుకు పద్నాలుగు, లైనూ, బ్యాకింగూ, లైనుకూ టిప్పెట్‌కూ మధ్య కట్టే లీడర్లూ కలిపి ఎనిమిది.

ఇప్పటికీ తేలనిది

ఒక్క విషయంలో నాకే రెండు మనసులు. ఉప్పునీళ్లు లోపలికి పోకుండా డ్రాగ్‌కు సీలు వేసిన రీళ్లు వస్తున్నాయి. అవి మంచివే. అయితే ఆ సీలును మనం విప్పలేం. అది పాడైతే పక్క వీధిలో బాగుచేయించుకునే వస్తువు కాదు, చేసిన కంపెనీకి పంపాల్సిందే. పాతకాలం పద్ధతిలో బెండు బిళ్ల డ్రాగ్ ఉన్న మంచి రీళ్లు కూడా ఉన్నాయి. వాటిని ఇంట్లోనే విప్పి, కడిగి, బెండుకు నూనె పెట్టుకోవచ్చు. వాడని రోజుల్లో గుండీ వదులు చేసి పెట్టాలి, లేకపోతే బెండు అణిగిపోతుంది. ఒళ్లు వంచి చూసుకునేవాడికి అది పాతికేళ్లు వస్తుంది.

నేనైతే విప్పుకునే రీలు వైపే మొగ్గుతాను. నా వస్తువు నా చేతికి లొంగాలి. కానీ పన్నెండు గంటల డ్యూటీ చేసి, గదిలో ఆరుగురితో ఉండేవాడికి ప్రతి శుక్రవారం రాత్రి రీలు విప్పి కూర్చునే తీరిక ఎక్కడిది? వాడికి సీలు వేసిందే మంచిదని చెప్పాను. చెబుతున్నప్పుడు పూర్తి నమ్మకంతో చెప్పలేదు, ఆ సంగతి కూడా వాడితో అన్నాను.

ఏ రీలైనా కడగడం తప్పదు. డ్రాగ్ బిగించి, మెల్లగా పారే నీళ్ల కింద పెట్టాలి. పైపుతో జోరుగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. తర్వాత గుండీ వదులు చేసి నీడలో ఆరబెట్టాలి. మనవైపు ఇంకో జాగ్రత్త ఉంది. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే, బకెట్లకూ కుళాయిలకూ తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్లతో కడిగి ఆరబెడితే ఉప్పు పోయి సున్నం వచ్చి కూర్చుంటుంది. నేను నల్లాలో వచ్చే కృష్ణ నీళ్లే వాడతాను, చివరికి మెత్తటి గుడ్డతో ఒత్తి తుడుస్తాను.

నిన్న రాత్రి అల్లుడు ఒక వీడియో పంపాడు. రీలు నేను చెప్పిందే తీసుకున్నాడు, సీలు వేసింది. రాడ్డు మాత్రం 9 నంబరు కొన్నాడు, "గాలి ఎక్కువ మామా ఈడ" అంటూ. ఉండనీ, అక్కడి గాలి వాడికి తెలిసినంత నాకు తెలియదు. వీడియోలో వాళ్ల క్యాంపు ముందు మట్టిరోడ్డు, వీధి దీపం వెలుగు. లైను చివరను ఒక సైకిలు క్యారియరుకు కట్టారు. తోటి పిల్లగాడు సైకిలు ఎక్కి తొక్కుతుంటే రీలు సన్నగా, ఒకే గొంతుతో మోగింది. కొంత దూరం పోయాక ఆ పిల్లగాడు బ్రేకు వేసి ఆగాడు. మళ్లీ ఒక్కసారిగా తొక్కాడు. నేను ఆ ఒక్క ముక్కనే వెనక్కి తిప్పి తిప్పి చూశాను. రాడ్డు కొస మెల్లగా వంగింది, ఎగరలేదు.